భుజం మీద జపాన్

మాచర్ల

చెల్లి అల్ఫియాకు,

అస్సలాము అలైకుం. ఇక్కడ నేనూ మీ భాభీ మహమూదా బాగానే ఉన్నాం. మీరు ఆ పోర్ట్ బ్లెయిర్ వానల్లో జ్వరాలు తెచ్చుకోకుండా ఉన్నారని తలుస్తాను.

ఫోన్లో ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తున్నానని, నీ మీద కోపమా అని అడిగావు. చెబుతాను, ఆగు.

అబ్బా కట్టిన హామ్ రేడియో ఉందా అన్నావు. ఉంది. అదే ఐదు వాట్లు, జీరో బల్బుకు కూడా చాలని కరెంటు. ఇంకాస్త పవర్ పెడదామని నేను గునిస్తే అబ్బా ఏమనేవారో గుర్తుందా? "అరిస్తే ఎవుడైనా ఇంటాడ్రా. మెల్లగా పిలిచి, ఆగి ఇనటం నేర్చుకో." అన్నం దగ్గర ఉప్పు కావాలన్నా కంచం మీద చెంచాతో టక్కుటక్కుమని మోర్స్ కోడ్‌లో కొట్టాల్సిందే. "కంచాలు సొట్టలు పోతన్నయ్" అని అమ్మీ మనిద్దరినీ తిట్టేది. ఆ తిట్లు కూడా ఎంత బాగుండేవే!

నిరుడు వేసవిలో సెట్టు మూగబోయింది. ఎంత పిలిచినా ఎవరూ పలకరు. అతుకులన్నీ విప్పి మళ్లీ వేశాను. డాబా మీది ఏరియల్ తీగ మార్చాను. అడ్డమని పాపం వేపకొమ్మ కూడా కొట్టించాను. ఒక ఉదయం మీ భాభీ టీ తెచ్చి, "సెట్టులో ఎవురో కొడతా ఉంటే పలకవేందయ్యా?" అంది.

నాకు నవ్వొచ్చింది. "ఏదీ, ఎట్లా కొడతన్నాడో నువ్వు కొట్టు" అన్నాను. మోర్స్‌లో ఒక్క అక్షరం రాని మనిషి, విన్నది విన్నట్టు నా భుజం మీద వేలితో కొట్టింది. స్టేషన్ పేరును బట్టి జపాన్ అతను! మన స్టేషన్ పేరుతో మనల్నే పిలుస్తున్నాడు. సంబరంగా జవాబిచ్చాక గానీ నాకు తట్టలేదు. చెడింది సెట్టు కాదు.

ఇన్నేళ్లూ పనిచేసిన మోటార్ల షాపు హోరు నా చెవులను తినేసిందని నరసరావుపేట డాక్టరు చెప్పాడు. చెవికి మెషిన్ పెడితే దగ్గరి మాటలు కొంత అందుతాయట. నీకు చెప్పడానికి ఇన్నాళ్లూ నామోషీ అడ్డొచ్చింది.

పోయిన అబ్బా పేర ఫాతిహా చదివించిన రోజు నువ్వు ఫోన్ చేసి చానాసేపు ఏడ్చావు. ఏడుస్తున్నావని మాత్రం తెలిసింది. "సరే, సరే" అని పెట్టేశాను. కోపం కాదు తల్లీ, ఒక్క ముక్క వినపడలేదు.

అటకెక్కించిన నీ సెట్టు దించు. ఆదివారం పొద్దున నన్ను పిలువు. మెల్లగా కొట్టు, విన్నది నా భుజం మీద కొట్టడంలో మీ భాభీ చెయ్యి ఇంకా తిరగలేదు. ఆ రోజు నాతో ఏం చెప్పావో, మళ్లీ మొదటి నుంచి చెప్పు.

ఇట్లు,
నీ అన్న
జహీర్