వెనకాల వస్తున్నాడు

చెల్లాయ్,

నువ్వు చెప్పినట్టే బావ సైకిల్ తుడిచి మూల పెట్టాను. అన్ని కొండలు తొక్కిన మనిషి మెత్తటి మంచం మీద పోయాడు, చూడు. నేను మాత్రం ఆదివారాలు మేమిద్దరం సైకిళ్ల మీద తిరిగిన ఆ కంకర దారిన వెళ్లడం మానలేదు. దారిలో ఊళ్లున్నాయన్న మాటే గానీ మనిషి అలికిడి ఉండదు.

కొండ మీద టీ కొట్టు ముసలావిడ ఉంది కదా. బావ పోయాక మొదటిసారి వెళ్తే, "ఆ లావాయన ఏడీ?" అంది. "వెనకాల వస్తున్నాడమ్మా, కొండ ఎక్కడమంటే ఆయనకి బద్ధకం" అనేశాను. పకపకా నవ్వింది. ఇక ప్రతి వారం అదే ప్రశ్న, అదే అబద్ధం.

మొన్న వంపు దగ్గర కంకర మీద చక్రం చప్పుడైంది. "అదిగో, వచ్చేశాడు మీ బావ!" అంటూ ఆవిడ పొయ్యి వెలిగించింది. నేను బల్ల మీద పక్కకి జరిగి చోటిచ్చాను చెల్లాయ్. ఎవరూ రాలేదు.

వచ్చే ఆదివారం నువ్వు బస్సులో వచ్చి ఆవిడకి సంగతి చెప్పు. నేను పక్కనే కూర్చుని వింటాను. నీ నోటి నుంచి వింటే గానీ నేనూ నమ్మేలా లేను.

నీ అన్నయ్య