నాలుగువందల పద్నాలుగో నంబరు

మా పిన్ని పాదపద్మాలకు,

నీ అక్క కొడుకు వణుకుతూ రాయునది. చలికి కాదు.

కొండమీదికి చేరాను. దొరలు ఎలా వదిలి వెళ్ళారో ఊరు ఇంకా అలాగే ఉంది. ఎర్ర రేకుల కప్పులు, రాతి మెట్లు, లోయనిండా మంచు. గడియార స్తంభం ఎప్పుడో నాలుగూ ఇరవైకి ఆగిపోయిందట. ఆగిపోయినట్టే భద్రంగా కాపాడుతున్నారు.

చరిత్ర పేపరు చదువుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. పదిహేనో తారీకు పరీక్ష. మూడుసార్లు తప్పాను, నాలుగోదే ఆఖరి అవకాశం. మర్చిపోలేదు.

కానీ పిన్నీ, నువ్వు మాట్లాడిపెట్టిన ఈ పాత బంగళాలో మొన్న ఎవరో నా పెట్టెమీద తెల్లరంగుతో 411 అని రాశారు. నిన్న బూట్లమీద 412. ఇవాళ గొడుగుమీద 413. ఇక మిగిలింది నేనే.

ఇట్లు,
ఇంకా నంబరు పడని నీ కొడుకులాంటివాడు

తా.క. వంటాయన్ని అడిగితే, "కంగారుపడకండి బాబూ, మనుషులకి రంగుతో రాయరు లెండి" అన్నాడు. మరి దేనితో?

*

చిరంజీవి సోమరికి,

ఆశీస్సులు. మొదటిసారి తప్పినప్పుడు పంటినొప్పి అన్నావు. రెండోసారి పెన్ను కక్కిందన్నావు. మూడోసారి పక్కవాడి దగ్గు. ఇప్పుడు నంబర్లా? ఇరవయ్యేళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా చేశాను, ఏడో తరగతి పిల్లలే ఇంతకన్నా నమ్మేలా చెబుతారు.

వస్తువులకి నంబర్లు వేయడం మంచి అలవాటు. మీ బాబాయి చెప్పులకి వేసుంటే ఒక కాలిది మిగిలి ఒక కాలిది పోయేది కాదు.

నోరు మూసుకుని చదువు.

మీ పిన్ని

తా.క. ఊరి పరిరక్షణ కార్యాలయంవాళ్ళ ఫారం ముప్పైరెండు గడులూ నింపి పంపాకే నీకక్కడ చోటిచ్చారు. నా జన్మలో ఒక్క గడి ఖాళీ వదల్లేదు. నీ సంగతంతా వాళ్ళకి తెలుసు, జాగ్రత్త.

*

పిన్నీ!

పాదపద్మాలు రాసే ఓపిక లేదు. నాకూ పడింది. 414. ఇత్తడి బిళ్ళ, మెళ్ళో. పరిరక్షణ కార్యాలయం గుమాస్తాగారు స్వయంగా వచ్చి కట్టారు. మర్యాదస్తుడు, ముడి వేస్తున్నంతసేపూ "క్షమించాలి, క్షమించాలి" అంటూనే ఉన్నాడు.

అప్పట్నుంచి రోజూ పదింటికి వస్తాడు. నన్ను ఎడమనుంచి చూస్తాడు, కుడినుంచి చూస్తాడు, నిట్టూర్చి రిజిస్టర్లో "మార్పు లేదు" అని రాసుకుని పోతాడు.

ఊరు చూడవచ్చినవాళ్ళు కిటికీలోంచి నన్ను చూస్తున్నారు. నిన్న ఒకావిడ, "అచ్చం బతికున్నట్టే చేశారండీ!" అంది. నేను దగ్గాను. ఆవిడ చెప్పులు ఇంకా వరండాలోనే ఉన్నాయి. వాటికి 415 వేశారు.

పారిపోదామని బస్సెక్కాను. డ్రైవరు నా మెడ చూసి, "నంబరున్నవి కొండ దించకూడదు బాబూ" అని చెయ్యి పట్టుకుని దింపేశాడు.

హాల్లో ఒక పియానో ఉంది. బాగుచెయ్యమని ఎవరో వదిలి వెళ్ళారట. అరవయ్యేళ్ళయింది.

పరీక్షకి వారమే ఉంది. నన్ను కాపాడు పిన్నీ. వీళ్ళు కాపాడుతున్నట్టు కాదు.

414

తా.క. భయంతో గది దాటక చరిత్ర పుస్తకం రెండుసార్లు పూర్తిచేశాను. పరిస్థితి ఎంత విషమించిందో నువ్వే ఊహించుకో.

*

నాయనా,

రెండుసార్లు చదివానన్నావు చూడు, అక్కడ నా గుండె జారిపోయింది. నువ్వు అబద్ధం ఆడటంలేదు.

ఫారం నకలు తీసి చూశాను. అది బసకి కాదురా! పాత సామాను భద్రపరచమని అప్పగించే ఫారం. కళ్ళజోడు లేక పైన శీర్షిక చూసుకోలేదు, గడులు కనిపించాయి, నింపేశాను. 'స్థితి' అన్నచోట "పైకి బాగానే ఉంటుంది, లోపల ఏమీ లేదు" అని రాశాను. 'తిరిగి ఎప్పుడు తీసుకుంటారు' అన్నచోట "బాగుపడ్డాక."

శనివారం నేనే వస్తున్నాను. అందాకా గుమాస్తా వచ్చినప్పుడు కాస్త బాగుపడినట్టు కూర్చో.

మీ పిన్ని

తా.క. 'ఉపయోగం' అన్నచోట ఏం రాశానో అడక్కు.

*

ప్రాణదాత అయిన పిన్నికి,

"రిజిస్టర్లో నంబరుండి మనిషి లేకపోతే నా ఉద్యోగం పోతుందమ్మా" అని గుమాస్తా ఏడిస్తే, "వీడి పరీక్ష అయ్యేదాకా నేను కూర్చుంటాను" అని బిళ్ళ నీ మెళ్ళో వేసుకుని నన్ను బస్సెక్కించావు. ఆ రుణం తీరదు. పరీక్ష దివ్యంగా రాశాను.

కానీ అదయి పదిరోజులైంది, నువ్వింకా కొండ దిగలేదు. ఇంట్లో బాబాయి వండుతున్నాడు. పిన్నీ, కొండమీద నేను పడ్డది అసలు భయమే కాదు.

ఆ కార్యాలయంవాళ్ళ విడుదల ఫారం తెప్పించి ఇందులో పెట్టాను. ఏ తేదీన రావాలో వేసి పంపు, మేమొచ్చి తీసుకెళ్తాం.

నీ కొడుకులాంటివాడు

తా.క. నిన్నటి కూర చూసి "ఏ కాలంనాటిది బాబాయ్?" అన్నాను. మాట్లాడ్డం మానేశాడు.

*

చిరంజీవికి,

పొద్దున కిటికీ తీస్తే మంచు గదిలోకే వస్తుంది. నిన్న జలపాతందాకా నడిచాను. గుమాస్తా గొడుగు పట్టాడు, నంబరున్న వస్తువు తడవకూడదట.

"ఏమేవ్, నా కళ్ళజోడేదీ?" అనేవాళ్ళు ఇక్కడ లేరు. నా కుర్చీ పక్కన 'తాకరాదు' అని బోర్డు పెట్టారు. 'పని చెప్పరాదు' అని కూడా రాయమన్నాను. రాశారు.

రోజూ పదింటికి గుమాస్తా వచ్చి, నన్ను అటూ ఇటూ చూసి, "మార్పు లేదు" అంటాడు. యాభై నాలుగేళ్ళ ఆడదానితో అంతకన్నా మంచి మాట ఇంకెవరంటారురా?

నువ్వు పంపిన ఫారం నింపి పంపుతున్నాను.

మీ పిన్ని

తా.క. తేదీ గడి మాత్రం వదిలేశాను. జన్మలో మొదటిసారి. ఎంత హాయిగా ఉందో మీ బాబాయికి చెప్పకు.