చాటున తాగిన నీళ్లు

అవ్వా,

డయాలసిస్ కోసం బోధన్ నుంచి నిజామాబాద్ బస్సెక్కే పని తమ్ముడికి తప్పింది. మనం భయపడ్డట్టు క్యాన్సరేం కాదు. అరుదుగా వచ్చే వాపు గడ్డ మూత్రనాళాలను నొక్కేసి కిడ్నీలను పనిచేయనివ్వలేదట. నాళాల్లో సన్నని గొట్టాలు వేసి, మాత్రలిస్తే మెల్లగా కరిగింది. ఇప్పుడు నీళ్లు బాగా తాగమంటున్నారు.

కిడ్నీలు పనిచేయక వాడికి నీళ్లు కొలిచి ఇచ్చే రోజుల్లో, నువ్వు తాగడం చూస్తే వాడి దప్పిక పెరుగుతుందని పసుపు బస్తాల వెనక చెంబు దాచుకుని తాగేదానివి. కొంగుతో మూతి తుడుచుకుని వచ్చేదానివి. కన్నతల్లివి నువ్వు దాచినా తమ్ముడు అంతా చూశాడట.

ఈరోజు నీ సంవత్సరికం. ఆ చెంబును వాడే తోమి, నిండా నీళ్లు పోసి నీ ఫోటో ముందు పెట్టాడు. తానూ ఓ చెంబు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"అవ్వా, ఇగ నా ముంగటనే తాగు" అన్నాడు.