మన చేని మీది కరెంటు తీగ

అన్నా,

ఎద్దులతో కపిల తోలి చేనికి నీళ్లు తోడుతుంటే మోకు తెగి నువ్వు బావిలో పడి చనిపోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే మంత్రి మన డోన్‌కు వచ్చి ముగ్గురాయి మిల్లుకు కరెంటు ఇచ్చాడు. తీగలు మన చేని మీదుగానే పోయాయి. స్తంభాలకు చోటిచ్చిన రైతునని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. దేశ సంపద, పరిశ్రమలు, త్యాగం అంటూ మంత్రి గంటసేపు మాట్లాడాడు. త్యాగం అన్నప్పుడు మాత్రం మా వైపు చూశాడు.

సభ అయ్యాక కరెంటు ఇంజనీరు దగ్గరికి పోయి, బావికి కరెంటు మోటారు కోసం నువ్వు పెట్టిన దరఖాస్తు ఏమైందని అడిగాను. ఆయన కాగితాలు తిరగేశాడు.

"మిల్లులకిచ్చినాకే బావులకప్పా. అయినా దరఖాస్తు పెట్టినాయన రావల్ల."

"మా యన్న సచ్చిపోయినాడు సార్."

"అట్లయితే ఇది చెల్లదు. నీ పేరుతో కొత్తది పెట్టుకో."

నవ్వుతూనే చెప్పాడన్నా. ఆ నవ్వు మీద ఉమ్మేయాలనిపించింది. ఇంటిదారి పట్టాను.

ఇంట్లో అమ్మ మజ్జిగ చేతికిస్తూ, "కరెంటొచ్చినాదంట కదరా, యాడికి?" అని అడిగింది.

"రాళ్లు పిండి చేసేదానికమ్మా."

అమ్మ ఖాళీ గ్లాసు తీసుకుంది.

"రాయికి దప్పికయితాదిరా?" అంది.

నీ తమ్ముడు