కిటికీ లేని కట్టు

అమ్మకు,

నీ పెద్దది నమస్కరించి రాస్తోంది. నేనూ, నీ అల్లుడూ, పిల్లా ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నీ మోకాళ్లు నీ మాట వింటున్నాయని తలుస్తాను. ఫోన్లో నీకు సగం వినపడదు, వినపడిన సగానికి నువ్వు కంగారు పడతావు. అందుకే ఇది కాగితం మీదే చెప్పాలి.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు వేశావు. మొదటిది, అల్లుడి దగ్గు. తగ్గింది. మందు తాగించడానికి పిల్లకంటే ఆయన్నే ఎక్కువ బతిమాలాల్సి వచ్చింది.

రెండోది, "పెద్ద సిస్టర్లెవరూ లేని వార్డులో నీకు పనెవరు నేర్పుతున్నారే?" అని. ఫోనే నేర్పుతోందమ్మా, నవ్వకు. వేలమంది నర్సులున్న గ్రూపు ఒకటుంది. ఎవరి మొహం ఎవరికీ తెలియదు. ఒక ముసలావిడకు నరం దొరక్క రెండుసార్లు గుచ్చి, మందుల గదిలోకి వెళ్లి అందులో అడిగాను. ఐదు నిమిషాల్లో ఎవరో జవాబిచ్చారు. "చెయ్యి మంచం కిందికి వేలాడదీసి, వేడి గుడ్డ చుట్టి రెండు నిమిషాలు ఆగు తల్లీ, కంగారుపడకు" అని. మూడోసారి నరం దొరికింది. నీ పక్కన నిలబడి నేర్చుకున్నట్టే అనిపించింది.

అంత తీసుకున్నాక నేనూ ఏదో ఒకటి ఇవ్వాలి కదా. ఆ గ్రూపులో నీ కట్టు పెట్టాను. పిల్లలు సెలైన్ సూది పీక్కోకుండా నువ్వు నర్సుగా ఉన్నప్పుడు కట్టేది: అరచేతి కింద అట్టముక్క, చుట్టూ మెత్తటి గుడ్డ, సూది ఉన్నచోట రెండు వేళ్ల వెడల్పు కిటికీ. ఆ కిటికీలోంచి గంటకోసారి చూడాలని, వేళ్లు తాకి చూడాలని నాచేత ఎన్నిసార్లు వల్లె వేయించావో.

ఫోటో కోసం మన పిల్ల చేతికే కట్టాను. కిటికీ ఉంటే చూడ్డానికి బాగాలేదు. మూసేసి, నున్నగా చుట్టి తీశాను. కింద "మా అమ్మ కట్టు" అని రాశాను. కిటికీ మాట రాయలేదు, నర్సులకు అది కూడా చెప్పాలా అనుకున్నాను. మెచ్చుకోనివాళ్లు లేరు. నా కాళ్లు నేలమీద లేవు. ప్రింటు తీయించి నీకూ పంపాను.

"కిటికీ ఏదే?" అని నువ్వు తిరుగుటపాలో ఒక్క ముక్క అడిగావు. "ఫోటోకి అందంగా ఉంటుందని మూశానులే, నీకన్నీ అనుమానాలే" అని రాశాను. అప్పుడైనా సరిదిద్ది ఉంటే బాగుండేది.

ఇక నీ మూడో ప్రశ్న. "నా కట్టు ఇంకా కడుతున్నావా?" అని. లేదమ్మా. పన్నెండు రోజులుగా కట్టడానికి చేతులు రావడం లేదు.

గ్రూపులో గోరింట అని పేరు పెట్టుకున్న నర్సు ఒకామె ఉంది. వేరే ఊళ్లో పని. నా ఫోటో చూసి మూడేళ్ల పాపకు అచ్చం అలాగే కట్టింది. సూది నరంలోంచి జారి, మందు కండలోకి పోయింది. పాప ఏడుస్తుంటే కట్టు ఇష్టంలేక ఏడుస్తోందనుకున్నారు. డ్యూటీ మారాక విప్పి చూస్తే వేళ్లు నల్లబడి ఉన్నాయి. మూడు వేళ్లు తీసేశారు. కుడి చెయ్యి.

గోరింట నన్ను తిట్టలేదు. "ఇలా కట్టమని ఎవరు చెప్పారని అడుగుతున్నారక్కా. ఫోటో మీదేనని ఒక్క మాట చెప్పండి, చాలు" అని రాసింది. నేనేం చేశానో తెలుసా? జవాబివ్వకుండా ఫోటో తీసేశాను. నా ఫోన్లోంచి కూడా. ఇప్పుడు వాళ్ల ఆస్పత్రిలో విచారణ పెట్టి, ఆమె కల్పించి చెబుతోందంటున్నారట. డ్యూటీ నుంచి పక్కన పెట్టారు. నాకు సిగ్గుగా ఉందమ్మా.

మొన్న మన పిల్లకు గోళ్లు తీస్తూ మూడో వేలి దగ్గర ఆగిపోయాను. "తియ్యమ్మా" అని అదే చెయ్యి చాపింది. నిన్న గోరింటకు రాశాను, ఫోటో నాదేనని, విచారణకు వచ్చి చెబుతానని. "నీ ఉద్యోగం కూడా పోతుంది, ఆలోచించుకో" అన్నారు నీ అల్లుడు. పన్నెండు రోజులు ఆ పనే చేశానని చెప్పాను.

నా నోటిమాట ఒక్కటే చాలదు. ఆ ఫోటో ఇప్పుడు నీ అద్దం మూలకు దోపినదొక్కటే మిగిలింది. అది వెంటనే రిజిస్టరు పోస్టులో పంపు. దాంతోపాటు, అందం కోసం మూశానని నేను రాసిన ఉత్తరం కూడా పంపు. నా ఉత్తరాలన్నీ నువ్వు దాస్తావని తెలుసు. ఫోటో ఒక్కటే ఉంటే కిటికీ పెట్టడం మరిచిపోయానని చెప్పి తప్పించుకోగలను. ఆ ఉత్తరం కూడా ఉంటే కుదరదు.

ఇది చదవగానే నువ్వు ముందు ఆ ఉత్తరమే వెతుకుతావు, చింపెయ్యడానికి. కన్నదానివి. చింపకమ్మా.

ఇట్లు,
నువ్వు చెప్పినా వినని
నీ పెద్దది