వద్దన్నవాళ్ళదే గెలుపు

అమ్మకు,

నీ పెద్దది నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ ఆయనా, అత్తయ్యా, నేనూ క్షేమం. అక్కడ నాన్నకి దగ్గు తగ్గి, నువ్వు మోకాలికి కాపడం పెట్టుకుంటూ, చెల్లి నీ మాట వింటూ అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. చివరిది కాస్త ఎక్కువ ఆశేలే.

నీ ఉత్తరం అందింది. నువ్వడిగిన విశేషం ఇంకా ఏమీ లేదు. ఉంటే ముందు నీకే రాస్తాను. చెప్పుల ఫ్యాక్టరీ మూతపడుతోందని ఎవరో చెబితే బెంగపెట్టుకున్నావట. మూతపడలేదమ్మా, పని తగ్గింది, అంతే. మీ అల్లుడు మధ్యాహ్నానికే ఇంటికొచ్చేసి, చేతులు ఊరుకోక ఇంట్లో చెప్పులన్నిటికీ కొత్త అడుగులు వేస్తున్నారు. అత్తయ్య చెప్పులకి ఎంత మందం అడుగు వేశారంటే, ఆవిడ గుమ్మం తలకి తగులుతుందేమోనని వంగి నడుస్తున్నారు. నవ్వకు.

"మీ అత్తగారితో ఎలా ఉంది, నిజం చెప్పు" అన్నావు. ఇప్పుడు బాగుంది. ఇప్పుడు అని ఎందుకన్నానో చెబుతాను.

అత్తయ్య వంట చేస్తున్నంతసేపూ గిన్నెలో గరిటె టంగు టంగుమని మోగిస్తారు. వీధి చివరికి వినిపిస్తుంది. కొత్తలో నా గుండె గుభేలుమనేది. నా మీద కోపమంతా గిన్నె మీద చూపిస్తున్నారనుకున్నాను. అడిగే ధైర్యం నాకెక్కడిది? తలుపు చాటున నిలబడి, పొద్దున్నించి ఏం తప్పు చేశానా అని వెతుక్కునేదాన్ని. ఇక వడ్డించేటప్పుడు, ఆవిడ మారు వెయ్యబోతే, "చాలత్తయ్యా, కడుపు నిండిపోయింది" అని చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. ఆ మాట నా నోటికి దానంతటదే వచ్చేస్తుంది. నేర్పినదానివి, నీకు తెలియనిదేముంది.

పోయిన వారం మీ అల్లుడు ఇంటికొచ్చేసరికి అత్తయ్య బట్టలు మూట కడుతున్నారు.

"ఎక్కడికమ్మా?"

"మీ అక్క ఇంటికి. నా చేతి వంట నీ పెళ్ళానికి సయించడం లేదు. నాలుగు మెతుకులు కెలికి లేచిపోతోంది. నేను వెళ్ళిపోతే తనకి నచ్చినట్టు వండుకుని తింటుంది. పిల్ల చిక్కిపోతే రేపు వాళ్ళమ్మ అనేది నన్నే!"

"అదేం కాదమ్మా, తనకి మొహమాటం."

"మొహమాటమా, నా మొహమా! సొంత ఇంట్లో మొహమాటం ఏమిట్రా?"

అత్తయ్య పట్టుదల నీకు తెలియదు. గడప దాటారంటే మళ్ళీ తిరిగి రారు. మూట చంకన పెట్టుకుని లేచారు. నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే, "మీకే కదత్తయ్యా నా మీద కోపం, రోజూ గరిటె అలా మోగిస్తారు" అనేశాను.

ఆవిడ అక్కడే ఆగిపోయారు. "గరిటె చప్పుడుకి కోపమేమిటే పిచ్చిపిల్లా?" అని మూట మీదే కూలబడ్డారు. అప్పుడు చెప్పారు. మన ఊళ్ళో నాన్న పనిచేసిన బొత్తాల ఫ్యాక్టరీ మూతపడిన ఆ పాడు రోజుల్లోనే ఇక్కడా అన్నీ మూతపడ్డాయట. వండడానికేమీ లేని పూట పక్కింటివాళ్ళకి తెలియకూడదని అత్తయ్య గిన్నెలో నీళ్ళు పోసి గరిటెతో వాయించేవారట. "అప్పుడు అలవాటైన చెయ్యి. ఇప్పుడు వండేది ఉన్నా ఊరుకోదు" అన్నారు.

"ఆ చప్పుడు వింటూ నేనూ అక్కా లోపల కూర ఏమిటా అని పందెం వేసుకునేవాళ్ళం" అన్నారు మీ అల్లుడు.

నాకెక్కడలేని ధైర్యం వచ్చింది. ఆ రోజుల్లో మనింట్లో ఆడుకున్న చుట్టాలాట గురించి చెప్పాను. నువ్వు గరిటె పట్టుకుని "అయ్యో, ఇంకాస్త వేసుకోవాలి, మొహమాటపడకూడదు" అంటే, నేనూ చెల్లీ పెద్దమనుషుల్లా "వద్దండీ, ఇప్పుడే విందు తినొచ్చాం" అనడం. ఎవరు అందంగా వద్దంటే వాళ్ళదే గెలుపు. "ఏనుగుని మింగొచ్చామండీ, ఇంకా తోక నోటి బయటే ఉంది" అని చెల్లి అన్ననాడు నాన్నకి నవ్వి నవ్వి పొలమారింది కదూ.

అంతా విని అత్తయ్య "మీ అమ్మ గట్టి మనిషే" అన్నారు. మూట విప్పారు. ఆ పూట గరిటె ఎంత మోగినా నా గుండె అదరలేదు. వడ్డిస్తూ ఆవిడే చెప్పారు: "ఈ ఇంట్లో ఆట తిరగబడింది. వద్దన్నవాళ్ళు ఓడినట్టు. ఓడినవాళ్ళే గిన్నెలు తోమాలి." నిన్న మీ అల్లుడు ఓడిపోయారు. ఈ మాట చెల్లికి చెప్పకు, ఆయన్ని ఆటపట్టిస్తుంది.

నీ ఉత్తరంలో చివరి మాటకి జవాబు రాయకుండా ఇంతసేపూ తప్పించుకుంటున్నాను. "ఆటని చెప్పి మిమ్మల్ని మోసం చేశాను, అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది" అన్నావు.

అది ఆట కాదని నాకు తెలుసమ్మా. ఎప్పుడో తెలిసింది. మేం వద్దంటే గిన్నెలో మిగిలేది నువ్వు తింటావనుకునేదాన్ని. అందుకే అంత అందంగా వద్దనడం నేర్చుకున్నాను. ఒకరోజు పొద్దున చూస్తే, మేం వద్దన్నదే మూతపెట్టి దాచి, వేడి చేసి మాకే పెట్టావు. ఆ రోజు ఏమీ అనలేదు. ఇన్నాళ్ళకి రాస్తున్నాను. ఎదురుగా అయితే నోరు పెగలదు. ఆకలి గుర్తుంది, లేదని ఎందుకు చెప్పాలి? కానీ దాని పక్కనే ఏనుగు తోక కూడా గుర్తుంది. అది మోసమెలా అవుతుంది?

ఒక్కటే వెలితి. ఆ ఆటలో నువ్వెప్పుడూ గరిటె పట్టుకున్నదానివే. ఒక్కనాడూ చుట్టానివి కాలేదు. అందుకని ఒకసారి మా ఇంటికి రా. పని తగ్గిన రోజుల్లో ఎందుకంటావు, నాకు తెలుసు. తగ్గింది పనే, గిన్నెలో అన్నం ఉంది. అత్తయ్య కూడా రమ్మన్నారు. నువ్వు కూర్చో, గరిటె నేను పట్టుకుంటాను. నువ్వేం చెప్పినా వినను, ఏనుగుని మింగొచ్చానన్నా సరే. వద్దన్నావంటే ఆ పూట గిన్నెలన్నీ నీవే.

ఇట్లు,
మారు అడిగి మరీ తింటున్న
నీ పెద్దకూతురు