కుట్టుకి వదిలిన అంగుళం

అక్కకు,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటా అని కంగారు పడకు. ఒంట్లో బాగానే ఉంది. ఫోనే పోయింది. శనివారం గుండీలు, దారాలు కొనుక్కుని బస్సులో వస్తుంటే ఎవడో సంచితో సహా కొట్టేశాడు. నీ నంబరు కూడా అందులోనే ఉండిపోయింది. నా మొహానికి ఒక్క నంబరైనా గుర్తుంటేగా.

పోయినసారి వచ్చినప్పుడు ఆ ఫోనుకి నంబరు తాళం పెట్టింది నువ్వే. మనిద్దరం మర్చిపోలేనిదని అమ్మ కొలత పెట్టి, ఛాతీ, తుంటి అంకెలు చదివావు. నేను కుట్టు మిషను మీద ఉన్నాను. వింటూనే ఆ అంకెల్ని ఫోను పెట్టుకునే సంచి లోపల ఎర్రదారంతో కుట్టేశాను. రోజూ వేలిముద్రతో తెరుస్తాను కాబట్టి ఆ అంకెలతో పనే పడలేదు. ఇప్పుడు చూడు, తాళంచెవి తీసుకెళ్ళి దొంగ చేతిలో పెట్టాను. మా ఆయన రెండు రోజులుగా నవ్వుతూనే ఉన్నాడు.

నాకు నవ్వు రావడం లేదక్కా. అమ్మ మంచంలో ఉండి నాకు బట్టల కటింగు చెప్తుంటే రికార్డు చేసిన పన్నెండు ముక్కలూ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. నీకూ ఒక కాపీ పంపమంటే ఎలాగో తెలియదన్నాను. అబద్ధం. అమ్మ పోయే ముందు మూడు నెలలూ నువ్వు రాలేదని కోపం. ఆ గొంతు నా ఒక్కదానిదే అనుకున్నాను. ఇప్పుడు ఇద్దరికీ లేకుండా చేశాను. తిట్టాలనుంటే తిట్టు, మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ చెల్లి

ఒసే పిచ్చిమొద్దూ,

నీ ఉత్తరం, బస్సు కండక్టరు చేసిన ఫోను ఒకే రోజు వచ్చాయి. దొరికినవాళ్ళు పిలుస్తారని తాళం పెట్టిన రోజే ఫోను ముఖం మీద నా నంబరు కనపడేలా పెట్టాను. ఆఖరి సీటు కింద సంచితో సహా దొరికిందట. తప్పు నంబరు నొక్కీ నొక్కీ అది బిగుసుకుపోయాక దొంగకి విసుగొచ్చి పారేసినట్టున్నాడు.

"సంచిలో ముప్పై ఏడు, నలభై ఒకటి అని కుట్టుందమ్మా. అదీ పనిచెయ్యట్లేదు" అన్నాడు కండక్టరు.

నర్సు బట్టల్లోనే ఆస్పత్రి వరండాలో గోడకి ఆనుకుని నవ్వాను. డ్యూటీ డాక్టరు కూడా ఆగి చూశాడు. అమ్మ కొలత ముప్పై ఆరు, నలభై కదే! అంకె చెవిన పడగానే అమ్మ నేర్పినట్టే కుట్టుకి అంగుళం కలిపేశావు. ఫోను డిపోలో ఉంది, వెళ్ళి తెచ్చుకో.

నీ కోపం న్యాయమే. సెలవు ఇవ్వరని అడగనే లేదు నేను. అడగాల్సింది.

మీ అక్క

అక్కా,

తెచ్చుకున్నాను. వేలిముద్రకి లొంగలేదు గానీ, ముప్పై ఆరు, నలభై నొక్కగానే తెరుచుకుంది. డిపోలో అందరి ముందూ ఏడ్చేశాను. కండక్టరుకి చిరిగిన జేబు కుట్టి పెట్టాను. కొత్త సంచిలో ఏమీ కుట్టలేదులే, భయపడకు.

కవరులో చిన్న మెమరీ కార్డు ఉంది. ఫోన్ల షాపు అమ్మాయి పన్నెండూ ఎక్కించింది. ఏడోది ముందు విను. నీకు పంపకపోవడానికి అసలు కారణం అదే. "కుట్టుకి అంగుళం వదలమని ఎన్నిసార్లు చెప్పాలే" అని నన్ను తిట్టి, మళ్ళీ అమ్మే అంటుంది: "మీ అక్క రాలేదని సణక్కు. అక్కడ అదెంతమంది మంచాల దగ్గర నిలబడుతోందో. నాకేం కోపం లేదని చెప్పు దానికి."

ఇన్నాళ్ళూ చెప్పలేదు. చెప్తున్నాను.

నీ చెల్లి